కప్ప ఒక్కటే 'క' అంటున్న పాప: ఒకే అక్షరంతో మొదలయ్యే జంతువులు ఎలా నేర్పాలి?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతా తల్లిదండ్రులకూ పనికొస్తుంది. పాపకి నాలుగున్నరేళ్లు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నారు, సొంతూరు మదనపల్లె వైపు. ఇంట్లో తెలుగు, పాపని చూసుకునే ఆవిడది కన్నడ, స్కూల్లో ఇంగ్లీషు. ఒకే అక్షరంతో మొదలయ్యే జంతువులని చార్టు చేసి 'క' దగ్గర కుక్క, కోతి, కాకి, కప్ప అంటిస్తే, పాప కప్పని మాత్రం ఒప్పుకుని మిగతా మూడూ "క కాదు" అంటోంది. పులిని 'హ' దగ్గర పెడతానని పేచీ పెడుతోంది. ఏనుగుకి, ఎలిఫెంట్‌కి ఏ అక్షరమో కలగాపులగం. మీ అత్తగారు ఎనుము అంటారు, పుస్తకంలో గేదె అని ఉంది. ఇవి చాలవన్నట్టు వచ్చే వారం స్కూల్లో ఇంగ్లీషు 'సి' అక్షరం జంతువుల ప్రాజెక్టు. అందుకే మీకు టెన్షన్. మొబైల్ యాప్‌లు పనికొస్తాయా అని కూడా అడిగారు.

కప్ప విషయంలో మీ పాప చెప్పిందే రైటు అమ్మా. నేను బెంగళూరులోనే చాలా ఏళ్లు నర్సరీ పిల్లలకి చెప్పాను, ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో ఆదివారాలు తెలుగు క్లాసు పెడుతున్నాను. ఈ 'క' గొడవ ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల తెస్తూనే ఉంటుంది, సాధారణంగా చెవి బాగా చురుగ్గా ఉన్న పిల్లే తెస్తుంది.

తెలుగులో పిల్లకి వినిపించేది హల్లూ అచ్చూ కలిసిన ముక్క. కుక్క 'కు'తో మొదలవుతుంది, కోతి 'కో'తో, కాకి 'కా'తో. అచ్చంగా 'క' అని వినిపించేది ఆ నాలుగింట్లో కప్ప ఒక్కదాంట్లోనే. కంటికి కూడా అంతే. చార్టులో మీరు పెద్దగా రాసిన 'క'కి తలకట్టు ఉంటుంది. 'కో' రాసేసరికి ఆ తలకట్టు పోయి పైన ఓత్వం వస్తుంది. ఇవన్నీ ఒక గుణింతమని మనకి తెలుసు, ఎందుకంటే ఎప్పుడో బట్టీ పట్టాం. పాపకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక అక్షరం వేసి దాని కింద బోలెడు బొమ్మలు వేస్తారు. క్యాట్, కౌ, క్యామెల్ మూడింటికీ మొదట కనిపించేది ఒకే 'సి' కాబట్టి అక్కడ అది నడుస్తుంది. మన చార్టులు అమ్మేవాళ్లు ఆ పద్ధతినే ఎత్తి తెలుగులో పెట్టారు, చిక్కంతా అక్కడే.

అందుకని ఆ చార్టు కొన్నాళ్లు పక్కన పెట్టి అచ్చులతో మొదలుపెట్టండి. ఆవు, ఈగ, ఉడుత, ఊసరవెల్లి, ఎలుక, ఏనుగు, ఒంటె. వీటిలో పలికే శబ్దమూ రాసే అక్షరమూ ఒకటే, మధ్యలో గుణింతం అడ్డం రాదు. ఒకే అక్షరానికి రెండు మూడు కావాలంటే ఆవు, ఆంబోతు ఉన్నాయి, ఉడుత, ఉడుము ఉన్నాయి. 'ఎ'కి ఎలుక, ఎద్దు, ఎలుగుబంటి. ఎద్దుని చూపించడానికి ఊరికి వెళ్లక్కర్లేదు. బసవనగుడిలో కెంపేగౌడ కట్టించిన దొడ్డ బసవన గుడికి తీసుకెళ్లండి. ఒకే రాతిలో చెక్కిన అంత పెద్ద ఎద్దుని చూశాక ఆ అక్షరం మరచిపోయిన పిల్లని నేను చూడలేదు.

అచ్చుల్లో కాస్త ఎక్కువ సమయం పెట్టాల్సింది 'ఎ', 'ఏ' జత మీద. ఎలుక చిన్నది, దాని శబ్దమూ పొట్టిది. ఏనుగు పెద్దది, దాని శబ్దమూ పొడుగుది. 'ఎ' అన్నప్పుడు టేబుల్ మీద వేలితో ఒక్కసారి తట్టమనండి. 'ఏ' అన్నప్పుడు చెయ్యి తొండంలా ముందుకి చాచమనండి. ఎద్దు, ఎలుగుబంటి వచ్చి ఈ చిన్నా పెద్దా లెక్క చెడగొడతాయి, ఏం పరవాలేదు, అప్పటికి తట్టడం, చాచడం అలవాటైపోయి ఉంటుంది. ఇది ఆటలా కనిపిస్తుంది గానీ హ్రస్వం, దీర్ఘం తేడా చెవికి పట్టకపోతే తర్వాత డిక్టేషన్‌లో తెలుస్తుంది. ఇంగ్లీషు మీడియంలో నాలుగో తరగతికి వచ్చి కూడా 'ఏలుక' అని రాసే పిల్లలు మా క్లాసులోనే ఉన్నారు.

ఇంకో చిన్న సంగతి. మనం మామూలుగా మాట్లాడేటప్పుడు ఎలుక 'యెలక' అవుతుంది, ఏనుగు 'యేనుగు' అవుతుంది, ఒంటె 'వొంటె' అవుతుంది. మీ పాపలాంటి పిల్ల "ఇది 'య' కదా?" అని అడిగే తీరుతుంది. దబాయించకండి. "అవును, నోట్లో అలాగే వస్తుంది, రాసేటప్పుడు 'ఎ' రాస్తాం" అని చెబితే సరిపోతుంది. పిల్ల విన్నది నిజమే కాబట్టి తప్పు అనకూడదు.

ప్రతి అక్షరానికీ జంతువు దొరకాలని మాత్రం పట్టు పట్టకండి. 'ఇ'కి ఇర్రి ఉంది, నిజమే. కానీ ఇర్రి అంటే జింక జాతిదని ఈ రోజుల్లో అమ్మానాన్నలకే చెప్పాల్సి వస్తోంది. అక్కడ హాయిగా 'ఇల్లు' బొమ్మ పెట్టుకోండి. 'ఐ' దగ్గర ఐరావతం కథ చెప్పొచ్చు, పిల్లలు చాలా ఇష్టంగా వింటారు. 'ణ', 'ళ'తో తెలుగులో మాటలే మొదలవవు. 'ఖ'కి ఖడ్గమృగం ఉన్నా 'క', 'ఖ' తేడా ఈ వయసు చెవికి అందదు, పెద్దవాళ్లలోనే ఎంతమంది పలుకుతున్నాం చెప్పండి. అది చదవడం వచ్చాక చూసుకోవచ్చు.

అచ్చులు కుదిరాక హల్లులకి రండి. ఇక్కడ నా పద్ధతి ఏమిటంటే, మొదటి ముక్క అచ్చంగా ఒకటే ఉన్న జంతువుల్ని ఒక గుంపుగా తీసుకుంటాను. 'కో'కి కోడి, కోతి, కోకిల. 'కు'కి కుక్క, కుందేలు. 'గు'కి గుర్రం, గుడ్లగూబ, గువ్వ. 'పి'కి పిల్లి, పిచ్చుక. 'పా'కి పాము, పావురం, పాలపిట్ట. 'తే'కి తేలు, తేనెటీగ. 'చి'కి చిలుక, చిరుత. పాలపిట్ట గురించి చెప్పేటప్పుడు అది ఇటు కర్ణాటకకీ అటు తెలంగాణకీ కూడా రాష్ట్రపక్షి అని చెప్పండి. చిరుత దగ్గర బొమ్మ ఒకసారి చూసుకోండి, చాలా చార్టుల్లో చిరుత అని రాసి చీతా బొమ్మ వేస్తున్నారు. కళ్ల దగ్గర నుంచి నోటిదాకా నల్లటి చార, ఒంటి మీద నిండు చుక్కలు ఉంటే అది చీతా. మచ్చలు పువ్వుల్లా విడివిడి రేకులుగా ఉంటే చిరుత. మన దేశంలో చీతాలు అంతరించిపోయాయని 1952లో ప్రకటించారు, 2022లో నమీబియా నుంచి తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో వదిలారు. చిరుతలు మాత్రం మన బన్నేరుఘట్ట అడవిలోనే ఉన్నాయి, అప్పుడప్పుడు ఊరి అంచుల్లోకీ వస్తుంటాయి.

మొట్టమొదటి గుంపుగా 'కో' తీసుకోమంటాను. కోడి కొక్కొరోకో అని తన అక్షరం తనే చెప్పుకుంటుంది. మేక 'మే' అంటుంది, కాకి 'కా' అంటుంది. అరుపులోనే పేరు మొదలు ఉన్న ఈ మూడూ చాలు, మొదటి శబ్దం అంటే ఏమిటో పిల్లకి పట్టుబడటానికి. మీరేమీ వివరించక్కర్లేదు. "మేక ఎలా అరుస్తుంది? మేక పేరు ఎలా మొదలవుతుంది?" అని రెండు ప్రశ్నలు అడిగి ఊరుకోండి. బాల్కనీలో కాకి వాలితే ఇంకా మంచిది.

ఒక గుంపుకి వారం ఇవ్వండి, రోజుకి పది నిమిషాలు చాలు. కూర్చోబెట్టి పాఠంలా చెప్పనక్కర్లేదు. అన్నం తినిపిస్తూ, ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా ఆడొచ్చు. "కోడి, కోతి, పాము. వీటిలో వేరేది ఏది?" అని అడగండి. పాప "పాము" అంటే, ఎందుకని అడగండి. "దానికి కాళ్లు లేవు" అని చెప్పే అవకాశం ఎక్కువ. అది కూడా సరైన జవాబే. మెచ్చుకుని, "బాగా చెప్పావు. ఇప్పుడు పేర్లు విని చెప్పు" అని మళ్లీ అడగండి. ఆ తర్వాత "కోతి, పాము, పావురం" అనండి. ఇక్కడ కాళ్ల లెక్క పనిచెయ్యదు, పేరు వినాల్సిందే.

అలా కొన్ని గుంపులు వచ్చాక 'ఇవన్నీ ఒకే ఇంటివాళ్లు' అనే మాట తేవాలి. దాన్ని 'క'తో మొదలుపెట్టకండి. 'ప'తో గానీ 'మ'తో గానీ మొదలుపెట్టండి. పులి, పిల్లి, పాము, పంది, పీత, పావురం అని అద్దం ముందు నిలబెట్టి చెప్పించండి. ప్రతి మాటకీ మొదట పెదాలు మూసుకుని తెరుచుకుంటాయి, అది కంటికి కనిపిస్తుంది. మేక, మొసలి, ముంగిస, మిడతకీ అంతే. 'క'కి నాలుక వెనక భాగం పైకి తగులుతుంది, అద్దంలో ఏమీ కనిపించదు, అందుకే అది కష్టం. పెదాలతో ఈ సంగతి అర్థమైన పిల్లకి తర్వాత కప్ప, కాకి, కుక్క, కోతి ఒకే ఇంట్లోవే అని చెబితే నమ్ముతుంది. అప్పుడు మీ పాత చార్టు మళ్లీ గోడకి తగిలించండి. గుణింతం రాయడం ఇంకో ఏడాది తర్వాత మొదలైనా ఏమీ ఆలస్యం కాదు. ఇప్పుడు రాయించాలనే ఉంటే పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించండి, అంతకు మించి వద్దు.

పులిని 'హ' దగ్గర పెట్టడం కన్నడ వల్ల. కన్నడలో పులిని హులి అంటారు, పాముని హావు, పందిని హంది. హళెగన్నడలో, అంటే పాత కన్నడలో, అది పులే. తర్వాత తర్వాత చాలా మాటల మొదట్లో 'ప' కాస్తా 'హ' అయింది. పిల్లకి చరిత్ర చెప్పక్కర్లేదు గానీ మీకు తెలిసి ఉంటే కంగారు ఉండదు. ఆ చూసుకునే ఆవిడని "పాపతో కన్నడ మాట్లాడకు" అని దయచేసి అనకండి, చాలా ఇళ్లల్లో ఈ పని చేస్తున్నారు. దానికి బదులు ఆట చేసెయ్యండి. మీరు "పులి" అనండి, ఆవిడ "హులి" అంటుంది. మీరు "పాము" అంటే ఆవిడ "హావు". మూడోది పంది చెప్పగానే హంది అని పాపే అందుకుంటుంది. పిల్లి దగ్గర ఆట చెడుతుంది, అక్కడ బెక్కు వస్తుంది, నవ్వుకోండి. కోతి, ఒంటె రెండు భాషల్లోనూ ఒకటే. మేకె, కప్పె, జింకె, కోళి, మొసళె అన్నీ మన మాటలకి దగ్గరివే. రెండు భాషల్లోనూ ఒకే అక్షరంతో మొదలయ్యేవి ఏవో వెతకమంటే ఐదారేళ్ల పిల్లలు భలే ఉత్సాహంగా వెతుకుతారు.

ఎనుము సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మీ అత్తగారి మాట తప్పు కాదు, రాయలసీమలో ఎనుము అనే అంటారు. కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె. ఎనుము అంటే 'ఎ' గుంపులోకి వెళ్తుంది, గేదె అంటే 'గ'లోకి, బర్రె అంటే 'బ'లోకి. పుస్తకం గేదె అంది కదా అని నాయనమ్మ మాట కొట్టేస్తే పిల్ల రెండో రోజు నుంచి నాయనమ్మ దగ్గర నేర్చుకోవడం మానేస్తుంది. మీ ఇంట్లో అది ఎనుమే. 'ఎ' గుంపులో పెట్టండి. పైగా కన్నడలో ఎమ్మె కాబట్టి ఆయమ్మతో కూడా అక్షరం కలుస్తుంది. గేదె, బర్రె అనే పేర్లు కూడా ఉన్నాయని చెప్పి అక్కడా ఒక్కో బొమ్మ వెయ్యండి, ఒకే జంతువు మూడు చోట్ల కనిపిస్తే ఏం మునిగిపోదు. కుందేలుని చెవులపిల్లి అనే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే దాన్నీ ఇలాగే చెయ్యండి.

ఇక ఇంగ్లీషు. ఎలిఫెంట్, ఏనుగు కలగాపులగం కావడంలో పాప తప్పేమీ లేదు. ఇంగ్లీషులో అక్షరం పేరు ఒకటి, దాని శబ్దం ఒకటి. ఎలిఫెంట్ రాసే అక్షరాన్ని 'ఈ' అని పిలుస్తాం, కానీ మాటలో 'ఎ' అని పలుకుతాం. మన 'ఈ' దగ్గరేమో ఈగ ఉంది. యాంట్ రాసే అక్షరం పేరు 'ఏ', మన 'ఏ' దగ్గర ఏనుగు ఉంది. ఒకే రోజు ఈ రెండు చార్టులూ ఎదురుగా పెడితే పెద్దవాళ్లకే తల తిరుగుతుంది. కాబట్టి కొన్నాళ్లు ఇంగ్లీషు అక్షరాల పేర్లు ఇంట్లో అనకండి, శబ్దమే అనండి. ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలతో చదవడం నేర్పే పద్ధతి) చెప్పే స్కూళ్లు చేసేది కూడా ఇదే. రెండు భాషల బొమ్మలు వేరే వేరే డబ్బాల్లో, వేరే వేరే పూటల్లో పెట్టండి. మా క్లాసులో తెలుగు డబ్బాకి ఎర్ర మూత, అది తీస్తే ఇంగ్లీషు మాట్లాడం.

వచ్చే వారం ప్రాజెక్టుకి క్యాట్, కౌ, క్యామెల్, క్రో, క్రాబ్ పెట్టండి. అన్నిటికీ మొదట వినిపించేది 'క' శబ్దమే. చీతా, చింపాంజీ, చికెన్ కూడా 'సి'తోనే రాస్తారు గానీ చెవికి 'చ' వినిపిస్తుంది, ఈ ఏడాది వద్దు. పాప కంగారూ బొమ్మ కూడా తెచ్చి అతికిస్తానంటే ఆశ్చర్యపోకండి, చెవి లెక్కలో అది సరైనదే, అక్షరం 'కె' అని టీచరుకి మీరే ముందు ఒక మాట చెప్పండి. తర్వాత 'జి' వచ్చినప్పుడు ఇలాంటిదే మళ్లీ వస్తుంది. గోట్, గొరిల్లా ఒక రకం, జిరాఫీ ఇంకో రకం. జిరాఫీ, జాగ్వార్, జీబ్రా ఇంగ్లీషులో మూడు వేరే అక్షరాలతో రాస్తారు, మన తెలుగులో మూడూ 'జ' ఇంట్లోనే ఉంటాయి, జింకతో పాటు. తెలుగు ఇంత సులువా అని పిల్లలు అనుకునే అరుదైన చోటు ఇది, వదులుకోకండి.

అక్షరం వచ్చిందా లేదా అన్నదాని కంటే నేను ఎక్కువ పట్టించుకునేది, ఆ గుంపు పెట్టుకుని ఎంతసేపు కబుర్లు చెప్పుకున్నారు అన్నది. అక్షరం గుంపు చేసే మేలు ఏమిటంటే, ఎక్కడెక్కడి జంతువుల్నో తెచ్చి పక్కపక్కన పెడుతుంది. 'గ' చూడండి. గాడిద, గుర్రం, గొర్రె, గద్ద, గుడ్లగూబ, గబ్బిలం. "వీటిలో ఎగిరేవి ఏవి?" అంటే గద్ద, గుడ్లగూబ, గబ్బిలం పక్కకి వస్తాయి. "గుడ్లు పెట్టేవి?" అంటే గబ్బిలం వెనక్కి వెళ్లి గాడిద పక్కన నిలబడాలి, అది పిల్లలకి పాలిస్తుంది. నాలుగేళ్ల పిల్ల మొహంలో అప్పుడు కనిపించే ఆశ్చర్యం కోసమే నేను 'గ' గుంపు ఎప్పుడూ చివర్లో దాచుకుంటాను. 'త'లో తిమింగలం నీళ్లలో ఉన్నా చేప కాదు, గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది. తేలుకి కాళ్లు లెక్కపెట్టిస్తే ఎనిమిది వస్తాయి, తేనెటీగకి ఆరే. ఊసరవెల్లి అని మనం పార్కులో చూపించేది చాలాసార్లు తొండే, అది కూడా సరిచెయ్యండి. కర్ణాటక రాజముద్రలో రెండు తలల గండభేరుండం ఉంటుంది, అది కూడా 'గ'యే. "నిజంగా ఉంటుందా?" అని అడుగుతారు. కథల్లో పక్షి అని చెప్పండి.

మొబైల్ యాప్‌ల గురించి అడిగారు. నేను చూసిన చాలావాటిలో 'క' అనగానే కుక్క బొమ్మ వస్తుంది, అంటే మీ చార్టు గొడవే మళ్లీ. పైగా గొంతు సాగదీసి చదివే పద్ధతిలో ఎ, ఏ తేడా పోతుంది. పెట్టాలనుకుంటే జంతువుల అసలు అరుపులు వినిపించే వీడియోలు పెట్టండి, పాటలవి వద్దు.

బొమ్మలకి వెయ్యి రూపాయల సెట్లు కొనక్కర్లేదు. పాత పత్రికల్లోంచి కత్తిరించినవి, ఫోన్‌లో మీరే తీసిన ఫొటోలు ప్రింట్ వేసినవి బాగా పనిచేస్తాయి. మీ వీధి కుక్క, మీ ఎదురింటి పిల్లి, కె.ఆర్. మార్కెట్ మీద తిరిగే గద్దలు, లాల్‌బాగ్ చెరువు దగ్గర కొంగలు. అచ్చులు, రెండు మూడు గుంపులు వచ్చాక ఒకసారి బన్నేరుఘట్ట తీసుకెళ్లండి. ఏనుగు, ఎలుగుబంటి, పులి, సింహం, జీబ్రా అన్నీ ఒకేచోట ఉంటాయి, సీతాకోకచిలుకల పార్కూ పక్కనే. వెళ్లేముందు మీ తెలుగు డబ్బాలోంచి ఐదు బొమ్మలు పాపనే ఎంచుకోమనండి, అక్కడ ఆ ఐదే వెతకండి. అన్నీ చూపించాలని తిప్పితే సగంలో నిద్రపోతుంది. మంగళవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు సెలవు.